ఆటల పీరియడ్‌లో మా వాడికి చెప్పుల కాపలా ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయికి 11 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే జన్యుపరమైన తేడా, ఎదుగుదల నెమ్మదిగా ఉంటుంది). వాడికి ఎక్కాలు ఎందుకు రావని అడిగేవాళ్లే గానీ, ప్యాంటు తొడుక్కోవడం ఎందుకు రాదని ఒక్కరూ అడగరు. ప్యాంటు వేసుకోవాలంటే క్షణంపాటైనా ఒంటికాలి మీద నిలబడాలి కదా, మా వాడికి కుదరనిది అదే. స్నానం చేస్తూ నెత్తిన నీళ్లు పోసుకునేటప్పుడు కళ్లు మూసుకున్నాడంటే తూలిపోతాడు, ఆర్టీసీ బస్సు మెట్టెక్కాలంటే రెండు చేతులతో రాడ్డుకి వేలాడతాడు, వెనకాలవాళ్లు నా మీద విసుక్కుంటారు. నేను కూడా చాలాకాలం బద్ధకం అనుకుని రెండు దెబ్బలు వేసినదాన్నే, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) వచ్చే ఫిజియోథెరపిస్టు చెప్పాకే విషయం అర్థమైంది. ఈ పిల్లలకు కండరాలు, కీళ్లు పుట్టుకతోనే వదులుగా ఉంటాయి. మనిషి తూలకుండా నిలబడటానికి కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ మూడూ సాయపడతాయి, మా వాడు ఎక్కువగా కళ్ల మీదే ఆధారపడుతున్నాడు, అందుకే సబ్బు నురగకి కళ్లు మూయగానే పడబోతాడు. చాక్‌పీసు గీత మీద నడవడం, దిండు మీద నిలబడటం, గోడ పట్టుకుని ఒంటికాలు ఎత్తడం ఆవిడ నేర్పారు. తొక్కుడు బిళ్ల నేను కలిపాను, వాకిట్లో గీసి, నా చెయ్యి పట్టుకుని గెంతమనేదాన్ని (నా మోకాళ్లు అరిగాయి, అది వేరే సంగతి). ఏడాది పట్టింది. ఇప్పుడు మంచానికి ఆనుకుని ప్యాంటు తనే వేసుకుంటాడు, గుండీ మాత్రం నేనే పెట్టాలి.

ఇక బడి సంగతి. ఆటల పీరియడ్ రాగానే "పడిపోతాడమ్మా, మాకెందుకు రిస్కు" అని చెట్టు కింద కూర్చోబెట్టి మిగతా పిల్లల చెప్పులకి కాపలా పెడతారు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 16వ సెక్షన్ చదువుతోపాటు ఆటల్లోనూ సమాన అవకాశం ఇవ్వాలంటోంది. ఫిజియోథెరపీ మాకు దొరికేది వారానికోసారి, బడి రోజూ ఉంటుంది. బడివాళ్లకి నా మనవి ఒక్కటే, రోజుకి పది నిమిషాలు ఆడించేలా పీఈటీ సార్లకి ఆ ఫిజియోథెరపిస్టు చేతే నేర్పించండి. డౌన్ సిండ్రోమ్ పిల్లల చేత పల్టీలు కొట్టించే ముందు మాత్రం మెడ ఎముకలు డాక్టరుకి చూపించాలి, గీత మీద నడిపించడం లాంటివాటికి అంత భయం అక్కర్లేదు. అప్పటికీ టెన్షన్ అనిపిస్తే నన్ను పిలవండి, పక్కనే నిలబడతాను, కాగితం మీద సంతకం పెట్టమన్నా పెడతాను.

— ఒక తల్లి, గుంటూరు జిల్లా