కోనసీమ రోడ్డుకి సెడాన్ ఎందుకు పనికిరాదండీ?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మీ పేపర్లో కార్ల గురించి వచ్చే పేజీ వదలకుండా చదువుతానండి. ఈమధ్య ఏ కారు గురించి రాసినా చివరికి తేలేది ఒకటే, మన రోడ్లకి ఎత్తుగా ఉండే ఎస్‌యూవీయే కరెక్ట్ అని. మా ఊళ్ళో కూడా అదే మాట. నేను ఎక్స్‌షోరూం 20 లక్షల లోపు ఒక టర్బో పెట్రోల్ సెడాన్ (వెనక డిక్కీ విడిగా ఉండి, కిందకి ఉండే కారు) తీసుకుందామని చూస్తున్నాను, ఆ సంగతి చెప్పగానే మా బావగారు మొదలుకొని అరటి గెలల లారీ నడిపే మా పక్కింటి కుర్రాడి దాకా అందరూ "దాన్నేం చేస్కుంటావ్, కింద తగిలేస్తది" అనేవాళ్ళే. కింద తగులుతుంది, అది నిజమే. కానీ తగలడం కారు తప్పా రోడ్డు తప్పా అన్నది ఎవరూ అడగట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు అసలు ఇంత పవరున్న కారు మాకెందుకో చెప్తానండి, ఎందుకంటే పవర్ అనగానే హైవే మీద 150లో పోయే కుర్రాళ్ళ కోసం అనుకుంటారు. నాలుగు లైన్ల డివైడర్ హైవే మీద కారుకి లిమిట్ 100, ఎక్స్‌ప్రెస్‌వే మీద 120. సిద్ధాంతం నుంచి తణుకు మీదుగా తాడేపల్లిగూడెం వెళ్ళే 16 నంబర్ హైవేలో 100 మీద నిలకడగా పోవడానికి ఏ చిన్న ఇంజనైనా చాలు. పవర్ అవసరం పడేది అక్కడ కాదండి, అమలాపురం నుంచి ముక్కామల, కొత్తపేట మీదుగా రావులపాలెం వచ్చే రోడ్డు లాంటి చోట్ల. ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరి తోటలు, ముందు నిండా కొబ్బరికాయలు నింపుకుని నలభైలో పోయే ట్రాక్టరు, ఎదురుగా ఎప్పుడు ఏం వస్తుందో తెలియదు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు మనం 70లో ఉంటే సెకనుకి 19 మీటర్లు పోతాం, ఎదుటివాడూ అదే స్పీడులో వస్తుంటే ఒక్కో సెకనుకి మధ్యలో దాదాపు 39 మీటర్ల ఖాళీ కరిగిపోతుంది. ఆ ట్రాక్టర్ పక్కన రెండు సెకన్లు తక్కువ ఉన్నామంటే ఎంత తేడానో లెక్కేసుకోండి.

ఇక్కడే టర్బోకి, అంటే గాలిని ఒత్తి లోపలికి పంపే ఇంజన్‌కి, మామూలు ఇంజన్‌కి తేడా తెలుస్తుంది. హోండా సిటీ పెట్రోల్ మంచి ఇంజనే, 121 పీఎస్ పవర్, స్మూత్‌గా ఉంటుంది, కానీ దాని టార్క్, అంటే లాగుడు, 145 న్యూటన్ మీటర్లు, అది కూడా 4300 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది, అంటే ఓవర్‌టేక్‌కి ముందు గేరు దించి ఇంజన్‌ని అరిపించాలి. హ్యుందాయ్ వెర్నా టర్బో 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు, 1500 ఆర్‌పీఎం నుంచే. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, స్కోడా స్లావియాల్లో వచ్చే 1.5 లీటర్ల టర్బో ఇంజన్ (టీఎస్‌ఐ) 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు, 1600 నుంచి 3500 దాకా ఒకేలా ఉంటుంది. లైట్‌గా పోతున్నప్పుడు నాలుగు సిలిండర్లలో రెండు పనాపేస్తాయి కూడా, పెట్రోల్ కలిసొస్తుంది. పైగా వెర్నా, వర్టస్, స్లావియా మూడిటికీ 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళ క్రాష్ టెస్టుల్లో 5 స్టార్లు వచ్చాయి, పెద్దవాళ్ళ రక్షణకీ పిల్లల రక్షణకీ రెండిటికీ.

సెడాన్ కిందకి ఉంటుంది కాబట్టి మలుపుల్లో బరువు పక్కకి అంతగా వాలదు, కాలవ గట్టున మలుపు తిరిగేటప్పుడు, లేదా మసక వెలుగులో రోడ్డు మీద సగం దాకా ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పెట్టిన రాళ్ళు హఠాత్తుగా కనిపించి స్టీరింగ్ కొట్టాల్సొచ్చినప్పుడు అది తెలుస్తుంది. దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు మా రోడ్ల మీద నడిపినవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. రైతుల్ని అననండి, ఆరబెట్టుకునే కళ్ళాలు సరిపడా లేవు, ఎక్కడ ఆరబోస్తారు.

ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ల సంగతి. స్లావియా గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ కారు అడుక్కీ మధ్య ఖాళీ, ఖాళీ బండిలో 179 మిల్లీమీటర్లు, ఐదుగురు ఎక్కి డిక్కీ నింపితే ఇంకా తగ్గుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రూలు ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంటే మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి, 25 స్పీడులో పోయినా నడుం పట్టకూడదు. అలాంటి దాని మీద ఏ సెడాన్‌కీ కింద తగలదండి. మా దగ్గర ఉన్నవేంటి? ఎవరో గుడి ముందు, ఇంకెవరో తమ ఇంటి ముందు సిమెంటు పోసి జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు గట్టు కట్టేశారు. తెల్ల చారలు లేవు, ముందు బోర్డు లేదు. దగ్గరికెళ్ళి చూస్తే ప్రతి గట్టు నెత్తి మీదా పొడుగ్గా గీతలుంటాయి, సైలెన్సర్లు గీరినవి, నూనె మరకలు. అవన్నీ సెడాన్లవే అనుకుంటున్నారా? ఆటోలవి, లోడుతో ఉన్న వ్యాన్లవి కూడా. బైకు మీద వెనక కూర్చున్న ఆడవాళ్ళు ఎగిరి పడుతున్నారు, నిండు గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్ళే ఆటో దాని మీంచే పోవాలి. దానికి పరిష్కారం అందరం ఎత్తు బండ్లు కొనుక్కోవడం ఎలా అవుతుందండి!

పన్ను సంగతి కూడా ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్లకి జీఎస్‌టీ 18 శాతం అయింది, మిగతా పెట్రోల్ కార్లకి 40. వర్టస్ 1.0లో ఉన్నది 999 సీసీ ఇంజనే, అయినా పొడవు నాలుగున్నర మీటర్లు దాటింది కాబట్టి 40 కట్టాలి, కోట్ల రూపాయల పెట్రోల్ కారుకి ఎంత శాతమో దీనికీ అంతే. ఇంతకుముందు సెస్సుతో కలిపి 45 ఉండేది, ఆ లెక్కన తగ్గిందనే చెప్పాలి, కానీ పొడవు చూసి పన్నేయడం నాకు ఇప్పటికీ సబబుగా అనిపించదు.

ఎస్‌యూవీ వైపు ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలండి, మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, సెడాన్ సీట్లోకి దిగి కూర్చోవడం, మళ్ళీ లేవడం కష్టమే. అందుకే కొనేముందు అమ్మని షోరూంకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి చూస్తాను, ఆవిడ కాదంటే అప్పుడు ఆలోచిస్తాను. ఇలాంటివి మీ పేజీలో ఎవరూ రాయరు. సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు అని రాస్తారు, 40 నుంచి 80కి మూడో గేరులో ఎంతసేపు పడుతుందో రాయరు. తడి రోడ్డు మీద 80 నుంచి ఎంత దూరంలో ఆగుతుందో రాయరు. ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గురించి గొప్పగా రాస్తారు గానీ వర్టస్, స్లావియాల్లో అది నూనెలో మునగని డ్రై క్లచ్ అని, భీమవరం ట్రాఫిక్‌లో అడుగడుగునా కదిలి ఆగుతుంటే వేడెక్కుతుందని చెప్పరు, నాకైతే మాన్యువలే మేలనిపిస్తుంది.

వరద నీళ్ళ గురించి కూడా రాయండి. తుఫాను వానలకి రోడ్డెక్కిన నీళ్ళలో ఇంజన్ ఆగిపోయాక మళ్ళీ స్టార్ట్ చేస్తే లోపలికెళ్ళిన నీటికి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, మామూలు ఫుల్ ఇన్సూరెన్స్‌లో ఆ ఖర్చు చాలాసార్లు రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా కట్టుకోవాలి. గోదావరి లంక ఊళ్ళవాళ్ళకి ఇది ముందే తెలియాలి కదండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళకి ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు, ఆ బండి దానికి తయారైందో లేదో చూసుకోమని చెప్పండి.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే ఒక షోరూంవాళ్ళు నన్ను హైవే మీద యూటర్న్ దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చేశారు. మా ఊరి రోడ్డు మీద, నలుగురితో నడిపి చూస్తానంటే కుదరదన్నారు. పదిహేను, పదిహేడు లక్షలు పెట్టేవాడికి ఆ మాత్రం హక్కు లేదా అండి? నేను మాత్రం ఊరి రోడ్డు మీద ఇచ్చేవాళ్ళ దగ్గరే కొంటాను.

మీరు చేయగలిగింది రెండు పనులు. ఈసారి ఏదైనా సెడాన్ రివ్యూ చేసినప్పుడు నలుగురిని ఎక్కించుకుని అంబాజీపేట, కొత్తపేట రోడ్ల మీద నడిపి రాయించండి. అలాగే మీ విలేకరుల్ని ఒక టేపు పట్టుకుని పంపి, రావులపాలెం నుంచి అమలాపురం దాకా ఉన్న స్పీడ్ బ్రేకర్ల ఎత్తు, వెడల్పు కొలిపించి ఏ ఊళ్ళో ఎంతుందో పేపర్లో వేయండి, ఆర్ అండ్ బీ వాళ్ళు చూస్తారు. మా ఊళ్ళో కొలవడానికి వస్తే నేనూ వచ్చి టేపు రెండో చివర పట్టుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
కొత్తపేట దగ్గర, కోనసీమ