మళ్లీ డ్యూటీకి పోయే ముందు మీ అందరికీ

వచ్చే సోమవారం నుంచి మళ్లీ కండక్టర్ డ్యూటీకి వెళ్తున్నాను. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చేశాను. కొత్త ఏప్రాన్ కుట్టించుకున్నాను (పాతదానికి గుండీలు పట్టలేదు, ఆ సంగతి వదిలేయండి). డ్యూటీ మొదలైతే ఇలా కూర్చుని రాసే తీరిక దొరకదు. అందుకే ఈ సెలవులో నాకు సాయం చేసినవాళ్లకు చెప్పాల్సిన కృతజ్ఞతలన్నీ ఇప్పుడే చెబుతున్నాను. పేర్లు రాయొద్దని కొందరు ముందే గట్టిగా అన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి గురించో మీకే తెలుస్తుంది.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. నేను జగిత్యాల జిల్లాలో ఆర్టీసీ కండక్టర్‌ని. బాబుకు నాలుగేళ్లు దాటాయి, పాపకు పద్నాలుగు నెలలు. మా ఆయన ఆటో నడిపేవారు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. నేనేమో బస్సులో కాలు పెట్టే చోటు లేక, వాళ్లకిచ్చే జీరో టికెట్లు కొట్టి కొట్టి వేలు నొప్పి పుట్టి ఇంటికి వచ్చేదాన్ని. ఆయనేమో అడ్డా మీద మధ్యాహ్నం దాకా బోణీ కోసం చూసి వచ్చేవారు. నా బస్సెక్కినవాళ్లలో సగం మంది అంతకుముందు ఆయన ఆటో ఎక్కినవాళ్లే. దీని మీద మేమిద్దరం ఇంట్లో కొట్లాడుకున్నామని ఊళ్లో కొందరు చెప్పుకున్నారట. అదేం లేదు. "నీ బస్సు నిండితే నా ఆటో ఖాళీ" అని ఆయనే నవ్వేవారు. కాకపోతే నవ్వితే కిస్తీ తీరదు. పాప కడుపులో ఉండగానే ఆటో అమ్మేశాం. పాప పుట్టిన మూడు నెలలకు ఆయన కంపెనీ వీసా మీద దుబాయ్ వెళ్లారు. వెళ్లింది డ్రైవర్ పనికే. కానీ మన లైసెన్సు అక్కడ నడవదు. క్లాసులు, పరీక్షలు అయ్యి అక్కడి లైసెన్సు చేతికొచ్చేదాకా హెల్పర్ పని, హెల్పర్ జీతం.

ఇంతవరకు మేం లెక్క వేసుకున్నదే. లెక్కలో లేనిది అత్తమ్మకు పక్షవాతం రావడం.

మా అత్తమ్మ గురించి రెండు మాటలు చెప్పకపోతే మిగతాదంతా అర్థం కాదు. నేను బాబును కన్న తర్వాత మళ్లీ బస్సెక్కగలిగానంటే ఆమె వల్లే. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, కాలి బొటనవేలికి తాడు కట్టుకుని వాడి ఊయల ఊపేది. నేను తెల్లారుజామున మొదటి బస్సుకు వెళ్లిపోతే, వాడికి మెలకువ వచ్చేసరికి ఎదురుగా ఉండేది ఆమే. వాడు మొదట "అమ్మ" అన్నది కూడా ఆమెనే. అప్పుడు నాకు కొంచెం కుళ్లుగా ఉండేది, నిజం చెబుతున్నాను. పాపను కూడా ఆమే చూసుకుంటుందని, ఆ ధైర్యంతోనే ఆయన విమానం ఎక్కారు.

ఆ రోజు పొద్దున అత్తమ్మ చేతిలోంచి చాయ్ గ్లాసు జారిపడింది. ఏమైందత్తమ్మా అంటే ముద్దముద్దగా ఏదో అంది. నిద్ర సరిపోలేదేమో అనుకున్నాను. పక్కింట్లో నర్సింగ్ చదివే చెల్లె పాల ప్యాకెట్ ఇవ్వడానికి వచ్చి ఒక్కసారి ఆమె ముఖం చూసింది. "వదినా, మూతి ఒక పక్కకు పోయింది చూడు. అత్తమ్మా, రెండు చేతులూ పైకి లేపు" అంది. ఎడమ చెయ్యి లేవలేదు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఎన్నింటికి మొదలైందో నన్ను అడిగి తన అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. నాకు వింతగా అనిపించింది. ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న అదే. మెదడులో రక్తం గడ్డ కట్టి వచ్చిన పక్షవాతమైతే, అది కరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపు పడాలట. అది కూడా ముందు సీటీ స్కాన్ తీసి, లోపల రక్తస్రావం లేదని చూసుకున్నాకే.

108 వచ్చేలోపు వాకిట్లో పది మంది పోగయ్యారు. ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, ఆస్పత్రికి పోతే కాలు చెయ్యి శాశ్వతంగా పోతాయి, ముందు అక్కడికి తీసుకుపో అని పెద్దవాళ్లే ఒత్తిడి చేశారు. చెడు కోరి కాదు, వాళ్లకు తెలిసింది అది. ఆ చెల్లె మాత్రం ఇరవై ఏళ్ల పిల్ల, అందరి ముందు నిలబడి "మీరు తర్వాత నన్ను ఎన్ని తిట్టినా పడతా, ఇప్పుడు మాత్రం అడ్డం జరగండి" అంది. నేనైతే అంత మందికి ఎదురు చెప్పగలిగేదాన్ని కాదు. ఈ రోజు అత్తమ్మ గోడ పట్టుకుని బాత్రూందాకా తనే నడుస్తోందంటే, ఆ పిల్ల చలవే. చెల్లే, నీ పరీక్షలు ఉన్నాయని తెలిసి కూడా ఆస్పత్రిలో మాతో ఉండిపోయావు. నీ రుణం ఎట్లా తీర్చుకోవాలో నాకు తెలియడం లేదు. 108లో వచ్చిన తమ్ముళ్లకు కూడా దండం. దారి పొడుగునా నన్ను మాటల్లో పెట్టి ఏడవనివ్వలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చాక అసలు కథ మొదలైంది. ఒక గదిలో అత్తమ్మ, ఒక గదిలో పాప. ఇద్దరికీ అన్నం తినిపించాలి, ఇద్దరికీ బట్టలు మార్చాలి, ఇద్దరూ రాత్రి లేస్తారు. బాబేమో నాన్న ఏడీ అని రోజూ అడుగుతాడు. నా సెలవు ఒక్కొక్కటిగా కరిగిపోయింది. ఆరు నెలల మెటర్నిటీ లీవ్ అయిపోయింది, చైల్డ్ కేర్ లీవ్ వాడుకున్నాను, ఆ తర్వాత జీతం లేని సెలవు. దుబాయ్ నుంచి వచ్చేది వీసా అప్పుకే సరిపోయేది. ఈ పరిస్థితిలో నాకు ఎక్కువగా వచ్చిన సలహా "ఉద్యోగం మానెయ్" అని. ఆ సలహా ఇచ్చినవాళ్లలో ఒక్కరు కూడా నెల ఖర్చు ఎట్లా వెళ్తుందని అడగలేదు. వాళ్లకు ఈ పోస్టులో కృతజ్ఞతలు లేవు, ఏమనుకోకండి.

మా బాపు అడక్కుండానే వచ్చాడు. చిన్న సంచిలో రెండు జతల బట్టలు, బీపీ గోలీలు పెట్టుకుని గడపలో నిలబడ్డాడు. మా వైపు కూతురి ఇంట్లో తండ్రి నాలుగు రోజులకు మించి ఉంటే నామోషీ. పాతకాలం వాళ్లు బిడ్డ ఇంట్లో నీళ్లు కూడా ముట్టేవాళ్లు కాదు. "మంది ఏమంటరు బాపూ" అని నేనే అన్నాను. "మంది వచ్చి పిల్లను ఎత్తుకుంటరా బిడ్డా?" అన్నాడు. మమ్మల్ని పెంచేటప్పుడు మాలో ఎవరికీ ఒక్కసారి కూడా స్నానం చేయించని మనిషి. ఇప్పుడు పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తాడు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి ఉండలు కట్టకుండా కలపడం నాకన్నా ఆయనకే బాగా వచ్చు. వియ్యపురాలికి ఎదురుగా కూర్చోవడానికే మొహమాటపడేవాడు, ఇప్పుడు ఇద్దరూ పొద్దున వ్యాయామం దగ్గర పోట్లాడుకుంటారు. పిడికిలి మూసి తెరవమని ఈయన, చేతకాదని ఆమె. ఫిజియోథెరపీ సార్ వేళ్లతో చిన్న చిన్న పనులు చేయించమన్నారు. బాపు వెళ్లి తునికాకు కట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మొదట్లో ఆకు జారిపోయేది. మొన్న ఆమె ఎడమ చేతితో ఆకు పట్టుకుని కుడి చేతితో కత్తిరించింది. కొలత తప్పింది, ఆ ఆకుతో బీడీ రాదు. అయినా ఆమె దాన్ని పారేయనివ్వలేదు.

అంగన్‌వాడీ టీచరమ్మకు, ఆయమ్మకు. బాబు మొదట్లో సెంటర్‌లో అడుగు పెడితే ఏడుపే. ఇంట్లోంచి ఒక్కొక్కరే మాయమవుతున్నారని వాడి భయం, తను వెళ్లొచ్చేసరికి నేనూ ఉండనేమోనని. టీచరమ్మ వాణ్ని బలవంతంగా లాక్కోలేదు. కొన్నాళ్లు నన్ను కూడా లోపల కూర్చోమంది, తర్వాత గేటు దగ్గర, తర్వాత రోడ్డు అవతల. వాడికి తెలియకుండా ఎప్పుడూ జారుకోవద్దని, పోతున్నానని చెప్పే పోవాలని, వస్తానన్న టైంకే రావాలని చెప్పింది. ఇది చిన్న మాటలా ఉంటుంది గానీ, పిల్లలున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి, మా వాడి విషయంలో ఇదే పనిచేసింది. ఆయమ్మ ఇల్లు మా వీధి చివరే. నాకు పొద్దున డ్యూటీ పడినప్పుడు తను సెంటర్ తెరవడానికి పోతూ బాబును తీసుకెళ్తానంది. పైసలు ఇస్తానంటే కోపం చేసింది. కనీసం పండక్కి చీర పెడతాను, అప్పుడు మాత్రం కాదనొద్దు ఆయమ్మా.

ఇక మా డిపో అక్కచెల్లెళ్లకు. నేను సెలవులో ఉండగా టికెట్ మిషన్లు మారిపోయాయి. పాత టిమ్ అయితే కళ్లు మూసుకుని కొట్టేదాన్ని. కొత్తది ఫోన్‌లా ఉంటుంది, క్యూఆర్ కోడ్ వస్తుంది, అంతా వేలితో తాకడమే. నాకున్న టెన్షన్‌లో సగం దాని గురించే. మా బ్యాచ్ చెల్లె ఒకామె తన వీక్లీ ఆఫ్ రోజున ఇంటికొచ్చి, స్క్రీన్ల ఫొటోలు చూపించి ఒక్కొక్కటీ చెప్పింది. మధ్యలో పాప ఆమె ఒళ్లోనే కక్కింది, అయినా ఆపలేదు. ఫోన్‌పే చేశానని ప్యాసింజర్ అంటాడు, మిషన్‌లో సక్సెస్ రాదు, వెనక నలుగురు దిగాలని అరుస్తుంటారు, అప్పుడు ఏం చేయాలి? ఇలాంటివి ఏ ట్రైనింగ్‌లోనూ దొరకవు. ఎంత రద్దీ ఉన్నా ఆడవాళ్లకు జీరో టికెట్ కొట్టడం మాత్రం మర్చిపోవద్దని పది సార్లు చెప్పింది. ఆ టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం సంస్థకు డబ్బు ఇస్తుంది కదా. ఇంకో అక్క చార్ట్‌లో తన పగటి డ్యూటీ నాకు వదిలి, మొదటి బస్సు తను తీసుకుంది. ఆమె మోకాళ్ల నొప్పి నాకు తెలుసు. అక్కా, పాప కాస్త నా చెయ్యి వదలగానే మళ్లీ మార్చుకుందాం.

ఇంకొందరికి కూడా చెప్పాలి. వాళ్లకు నేను ఎవరో కూడా తెలియకపోవచ్చు. 2019 అక్టోబర్ 5న మొదలై 52 రోజులు సాగిన ఆర్టీసీ సమ్మెలో నేనూ ఉన్నాను. దసరాకు చేతిలో పైసల్లేవు. సమ్మె ముగిశాక డిసెంబర్ 1న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కార్మికులతో కూర్చుని మాట్లాడినప్పుడు, ఆడవాళ్లకు రాత్రి 8 తర్వాత డ్యూటీలు వేయొద్దని, మూడు నెలల చైల్డ్ కేర్ లీవ్ ఇవ్వాలని, డిపోల్లో బట్టలు మార్చుకునే గదులు కట్టాలని చెప్పారు. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. జీతం ఎప్పుడు పడుతుందన్న ధ్యాసే తప్ప, చైల్డ్ కేర్ లీవ్ అన్న మాట నా చెవికి ఎక్కనేలేదు. ఇప్పుడు ఆ మూడు నెలలే మా ఇంటిని నిలబెట్టాయి. పసిపిల్లల్ని ఇళ్లలో వదిలేసి ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసి, ఈ మాటలు అడిగీ అడిగీ రిటైరైపోయిన అక్కలు ఉన్నారు. వాళ్ల పిల్లలు పెద్దవాళ్లయ్యాక వచ్చిన సెలవు అది, వాళ్లెవరికీ పనికి రాలేదు. మీలో ఎవరైనా ఇది చదివితే, మీకు నా దండాలు.

దుబాయ్‌లో ఉన్న ఆయనకు ఇక్కడ థ్యాంక్స్ చెబితే బాగుండదు, ఫోన్‌లో చెబుతాను. లైసెన్సు పరీక్ష మళ్లీ ఉంది, మీరంతా దేవుడికి మొక్కండి.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. పాప ఇంకా రాత్రి రెండుసార్లు లేస్తుంది. బాపుకు అరవై ఎనిమిదేళ్లు, ఆయనకు జ్వరం వస్తే ఏంటన్నదానికి నా దగ్గర జవాబు లేదు. పక్కింటి పెద్దమ్మ "నేను లేనా" అంది, ప్రస్తుతానికి ఆ మాట మీదే నడుస్తున్నాం.

సోమవారం నుంచి ధర్మపురి రూట్‌లో ఉంటాను. సాయం చేసినవాళ్లు బస్సెక్కితే ముందు సీటు ఖాళీ చేయించే ప్రయత్నం చేస్తాను, రద్దీని బట్టి. కానీ అక్కలూ, చెల్లెళ్లూ, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు మాత్రం చూపించాల్సిందే. నేను తెలుసు కదా అంటే కుదరదు. అన్నలూ, తమ్ముళ్లూ, మీరు టికెట్ తీసుకోవాలి. చిల్లర తెచ్చుకోండి.