విద్యా విభాగం వార్షిక నివేదిక 2025: మొదటి సెమిస్టర్ ముగిసే వేళ హైస్కూలు పిల్లల ఇళ్లలో

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది విద్యా విభాగానికి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం థాంక్స్‌గివింగ్ సెలవులకీ క్రిస్మస్ సెలవులకీ మధ్య వారాలవే. వాటిలో చాలావాటికి జవాబు ఉంది కానీ, అడిగేసరికే గడువు దాటిపోయింది. అందుకని సమావేశాల జాబితా కంటే, వాటిలో చెప్పిన లెక్కల్నీ గడువుల్నీ నిబంధనల్నీ ఇక్కడ ఎక్కువగా రాశాం. ఇవి టెక్సస్ ప్రభుత్వ హైస్కూళ్లకు సంబంధించినవి. రాష్ట్ర చట్టం అందరికీ ఒకటే అయినా గ్రేడింగ్ పద్ధతి డిస్ట్రిక్టుకో (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే స్కూల్ డిస్ట్రిక్టుకో) తీరుగా ఉంటుంది. మీ డిస్ట్రిక్టు గ్రేడింగ్ పాలసీ పక్కన పెట్టుకుని చదవండి.

ఇక్కడి ఫైనల్స్, మన ఇంటర్ పరీక్షలు

ఏడాదంతా ఎలా గడిచినా మార్చిలో గట్టిగా కూర్చుంటే గట్టెక్కే చదువులు మనవి. అదే అలవాటుతో చాలామంది తల్లిదండ్రులు డిసెంబరు రెండో వారంలో టీవీ కట్టేసి, ఫోను దాచేసి, పిల్లల్ని పుస్తకాల ముందు కూర్చోబెడుతున్నారు. ఇక్కడ ఫైనల్ పరీక్ష విలువ చాలాచోట్ల సెమిస్టర్ గ్రేడులో 10 నుంచి 20 శాతమే. మిగతాదంతా ఆగస్టు నుంచి పోగైన హోంవర్కులు, క్విజ్‌లు, యూనిట్ టెస్టులు. డిసెంబరు వచ్చేసరికి బియ్యం ఉడికిపోయి ఉంటుంది, మిగిలింది గంజి వార్చడమే.

నవంబరు సమావేశంలో బోర్డు మీద వేసిన లెక్క ఇది. సెమిస్టర్‌లోని రెండు సగాలకు, అంటే రెండు క్వార్టర్లకు, 40 శాతం చొప్పున, ఫైనల్‌కు 20 శాతం అనుకుందాం. కెమిస్ట్రీలో మొదటి క్వార్టర్ 88, రెండోది 84. అంటే చేతికి వచ్చినవి 35.2, 33.6, మొత్తం 68.8. సెమిస్టర్‌కు 90 కావాలంటే ఫైనల్లో 21.2 రావాలి, ఫైనల్ విలువే 20. అంటే నూటికి 106 తెచ్చుకోవాలి. ఈ పరీక్షకి రాత్రి రెండింటిదాకా మేలుకున్నా ఆ 90 రాదు. అదే పిల్లాడికి హిస్టరీలో 91, 88 ఉన్నాయి, చేతిలో 71.6. అక్కడ ఫైనల్లో 92 వస్తే 90 దక్కుతుంది. 89.5ను పైకి సర్దే డిస్ట్రిక్టయితే 89.5 వచ్చినా చాలు. జామెట్రీలో 72, 66 అయితే చేతిలో 55.2. టెక్సస్‌లో పాస్ మార్కు 70 కాబట్టి ఫైనల్లో 74 వచ్చి తీరాలి. ఉన్న గంటల్లో ముందు జామెట్రీకి, తర్వాత హిస్టరీకి వెళ్లాలి. కెమిస్ట్రీ మామూలుగా చదివితే సరి. ప్రతి సబ్జెక్టుకీ ఇలా కాగితం మీద వేసి చూస్తే ఇంట్లో సగం గొడవలు తగ్గుతాయి.

ఒక మెలిక ఉంది. కొన్ని డిస్ట్రిక్టుల్లో 90 దాటితే ఒక మెట్టు అన్న లెక్క లేదు, ఒక్కో మార్కుకి ఆ కోర్సు జీపీఏ (గ్రేడు పాయింట్లు) 0.1 చొప్పున మారుతుంది. అక్కడ 86కీ 88కీ కూడా తేడా ఉంటుంది, కెమిస్ట్రీని పూర్తిగా వదిలేయకూడదు. మీ డిస్ట్రిక్టుది మెట్ల లెక్కా, మార్కు మార్కుకీ లెక్కా అన్నది ముందు తేల్చుకోండి.

క్రిస్మస్ సెలవులకు ముందే ఫైనల్స్ ఎందుకని చాలామంది అడిగారు. చట్టం ప్రకారం బడులు ఆగస్టు నాలుగో సోమవారానికి ముందు తెరవకూడదు. 2015లో వచ్చిన ‘డిస్ట్రిక్ట్ ఆఫ్ ఇన్నొవేషన్’ వెసులుబాటుతో ఎన్నో డిస్ట్రిక్టులు ఆ నిబంధన నుంచి మినహాయింపు తీసుకుని ఆగస్టు మధ్యలోనే మొదలుపెడుతున్నాయి. అందువల్ల సెమిస్టర్ డిసెంబరులోనే పూర్తవుతుంది. సెలవుల్లో పుస్తకాలు మోయాల్సిన పని తప్పింది, కానీ థాంక్స్‌గివింగ్ తర్వాత మిగిలేది మూడు వారాలే.

సున్నాల వేట

గ్రేడు పడిపోవడానికి మాకు ఎక్కువగా కనిపించిన కారణం సబ్జెక్టు రాకపోవడం కాదు, ఇవ్వని పని. అయిదు పెద్ద టెస్టుల్లో 90 చొప్పున వచ్చి, ఆరో ప్రాజెక్టు ఇవ్వక సున్నా పడితే సగటు 75. అదే ప్రాజెక్టు ఆలస్యంగా ఇచ్చి 60 తెచ్చుకున్నా సగటు 85. పది మార్కుల తేడా, అదీ ఒక సాయంత్రం పనితో.

థాంక్స్‌గివింగ్ ముందు శనివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని బడి వాడే ఆన్‌లైన్ గ్రేడు పుస్తకం తెరవండి. స్కైవార్డ్ అయినా హోమ్ యాక్సెస్ సెంటర్ అయినా సగటు అంకె దగ్గర ఆగకుండా, ప్రతి సబ్జెక్టు లోపలికి వెళ్లి ఒక్కో అసైన్‌మెంట్ చూడండి. ఖాళీగా ఉన్న గడి వేరు, ‘మిస్సింగ్’ గుర్తు ఉన్న గడి వేరు. ఖాళీ అంటే టీచర్ ఇంకా దిద్దలేదని. మిస్సింగ్ అంటే ప్రస్తుతానికి సున్నా.

‘నేను ఇచ్చేశాను’ అని పిల్లలు అంటే వెంటనే అబద్ధం అనుకోకండి. కాన్వాస్‌లో (హోంవర్కులు సమర్పించే వెబ్‌సైటులో) పెట్టింది గ్రేడు పుస్తకంలోకి దానంతట అది రాని సందర్భాలుంటాయి. గూగుల్ డాక్ లింకు ఇచ్చి, తెరిచే అనుమతి ఇవ్వకపోతే టీచర్‌కి తాళం బొమ్మే కనబడుతుంది. ఐఫోన్‌తో తీసిన ఫొటో హెచ్ఈఐసీ ఫైలుగా వెళ్తే కొన్నిచోట్ల తెరుచుకోదు. పీడీఎఫ్‌గా మార్చి పెట్టమనండి, పెట్టాక తామే ఒకసారి తెరిచి చూడమనండి.

టీచర్‌కి మెయిల్ పిల్లలే రాయాలి. నాలుగు వాక్యాలు చాలు: ఏ పీరియడ్, ఏ అసైన్‌మెంట్, ఏం జరిగింది, ట్యుటోరియల్స్‌కి (టీచర్ విడిగా సాయం చేసే సమయానికి) ఏ రోజు రావచ్చు. తల్లిదండ్రులు రాస్తే జవాబు మర్యాదగా వస్తుంది కానీ పని నెమ్మదిస్తుంది. రీటెస్టు అవకాశం ఉందేమో కూడా ఇప్పుడే అడగాలి. చాలాచోట్ల ఫెయిలైన పెద్ద టెస్టును మళ్లీ రాయనిచ్చి 70 వరకే లెక్కవేస్తారు, దానికీ ఆఖరి తేదీ ఉంటుంది. ఫైనల్స్ వారంలో అడిగితే ఏ టీచరూ ఒప్పుకోరు.

డ్యూయల్ క్రెడిట్ (హైస్కూలుకీ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చే కోర్సు) తీసుకున్న పిల్లలకు ఒక హెచ్చరిక. ఆ కోర్సు ఫైనల్ కాలేజీ క్యాలెండర్ ప్రకారం జరుగుతుంది. హైస్కూలు ఫైనల్స్ కంటే ఒక వారం ముందే వచ్చి పడొచ్చు. ఆ గ్రేడు కాలేజీ ట్రాన్‌స్క్రిప్టులో (మార్కుల రికార్డులో) శాశ్వతంగా ఉండిపోతుంది.

ఏపీ (ఆంధ్రప్రదేశ్ కాదు, కాలేజీ స్థాయి కోర్సులైన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు మేలోనే అయినా వాటి నమోదు గడువు నవంబరు మధ్యలో ముగుస్తుంది. తర్వాత నమోదు చేసుకుంటే పరీక్షకి 40 డాలర్లు అదనం. డిసెంబరు గ్రేడు చూసి నిర్ణయించుకుందాం అనుకున్న ఇళ్లకు ఆ మొత్తం తగులుతుంది.

సంక్రాంతి టికెట్లు, హాజరు లెక్కలు

మా విభాగానికి ఎక్కువ తలనొప్పి తెచ్చింది ఇదే. డిసెంబరు సెలవులకు ఇండియా వెళ్లినవాళ్లు అమ్మమ్మ గారింట్లో కనుమ కూడా చూసుకుని వద్దామనుకోవడం సహజం. లెక్క మాత్రం ఇలా ఉంటుంది. బడి 2026 జనవరి 6న, మంగళవారం తెరిచిందనుకోండి. 19న మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. 20న క్లాసుకు వచ్చేవాళ్లకు పోయేవి 9 పనిదినాలు.

టెక్సస్ విద్యాచట్టం ప్రకారం ఒక క్లాసుకి క్రెడిట్ (ఆ క్లాసు పూర్తిచేసినట్టు లెక్క) రావాలంటే ఆ క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరుండాలి. సెమిస్టర్‌లో 88 రోజులుంటే 8 రోజులు పోయినా ఫరవాలేదు, తొమ్మిదో రోజుతో 90 కిందికి జారతాం. అంటే ఈ ప్రయాణంతో జనవరిలోనే హద్దు దాటిపోతాం. ఆపైన జ్వరంతో ఒక రోజు పోయినా లోటు ఇంకా పెరుగుతుంది. ఏ, బీ రోజుల పద్ధతిలో ఒక్కో క్లాసు రోజు విడిచి రోజు జరుగుతుంది కాబట్టి ఆ క్లాసుకి మొత్తం 44 రోజులు, అందులో 4 మాత్రమే పోవచ్చు. ఆఫీసుకి ముందే ఉత్తరం ఇచ్చాం కదా అంటారు. ఉత్తరం ఇచ్చినా సొంత ప్రయాణాన్ని బడి ఎక్స్‌క్యూజ్ చేయాలని (తగిన కారణంగా ఒప్పుకోవాలని) లేదు. చేసినా 90 శాతం లెక్కలో మామూలుగా ఆ రోజులు పోయినట్టే. ఎక్స్‌క్యూజ్ కాని గైర్హాజరీలు ఆరు నెలల్లో 10కి చేరితే అది ట్రూయెన్సీ (బడి ఎగ్గొట్టడం కింద చట్టం పట్టించుకునే) వ్యవహారమవుతుంది.

90కి తగ్గి 75 శాతానికి పైన ఉంటే ప్రిన్సిపల్ ఒప్పుకున్న ప్రణాళిక ప్రకారం శనివారాలో, బడి అయ్యాకో గంటలు కూర్చుని క్రెడిట్ తెచ్చుకోవచ్చు. 75కి కూడా తగ్గితే హాజరు కమిటీ ముందుకు వెళ్లాలి. కొన్ని డిస్ట్రిక్టులు ఈ 90 శాతం నిబంధన నుంచి కూడా మినహాయింపు తీసుకున్నాయి. మీది అందులో ఉందో లేదో టికెట్లు కొనకముందే కనుక్కోండి.

చాలామంది వాడుకోని హక్కు ఒకటుంది. మతపరమైన పండుగ జరుపుకోవడానికి అడిగితే బడి తప్పకుండా ఎక్స్‌క్యూజ్ చేయాలి. అందుకోసం ప్రయాణం చేయాల్సివస్తే వెళ్లడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు కూడా చేరతాయి. ఆ రోజులకి శిక్ష ఉండదు, పోయిన పని తిరిగి చేసుకోనివ్వాలి. పండుగ పేరు, తేదీ రాసి ముందుగానే ఉత్తరం ఇవ్వండి. దీపావళికీ సంక్రాంతికీ ఇది వర్తిస్తుంది. దీన్ని అడ్డం పెట్టుకుని రెండు వారాలు అడిగితే కుదరదు, అలా అడిగితే తర్వాత నిజంగా అడిగేవాళ్లకి చెడ్డపేరు. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు కాలేజీలు చూడటానికి ఏడాదికి రెండు రోజులు కూడా ఇలాగే దొరకవచ్చు.

ఫైనల్స్ వారంలోనే విమానం ఎక్కే ఇళ్లకు ఒక మాట. ముందుగా రాయనివ్వడం టీచర్ చేతిలో లేదు. చాలా బడుల్లో ఫైనల్‌ని ముందుకు జరపరు, తిరిగొచ్చాక మేకప్ రాయిస్తారు. ఆ లోపు గ్రేడు ‘ఇన్‌కంప్లీట్’గా ఉంటుంది. హాజరు బాగుంటే ఫైనల్ నుంచి మినహాయింపు ఇచ్చే బడుల్లో ఆ అవకాశం కూడా పోతుంది.

సీనియర్ల ఇళ్లు

డిసెంబరు 1కి యూటీ ఆస్టిన్, టెక్సస్ ఏ అండ్ ఎం దరఖాస్తులు వెళ్లిపోయాయి కాబట్టి ఇక గ్రేడులతో పనేముందని పిల్లలు తేలిగ్గా తీసుకుంటున్నారు. చాలా కాలేజీలు పన్నెండో తరగతి మొదటి సెమిస్టర్ గ్రేడుల్ని మిడ్ ఇయర్ రిపోర్టుగా కౌన్సెలర్ నుంచి తెప్పించుకుంటాయి. జనవరి మొదట్లో గడువున్న కాలేజీలు నిర్ణయం తీసుకునే ముందు చూసే ఆఖరి మార్కులు ఇవే. సీటు వచ్చాక గ్రేడు బాగా పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే హక్కు కాలేజీలకు ఉంది.

తరగతిలో ర్యాంకు గురించి. ఆటోమేటిక్ అడ్మిషన్‌కి టెక్సస్ చట్టం చెప్పేది పై 10 శాతం. యూటీ ఆస్టిన్‌కి ప్రత్యేక పరిమితి, అది 2026లో చేరేవాళ్ల నుంచి 6 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ అడ్మిషన్ యూనివర్సిటీకే, కోరిన మేజర్‌కి (ప్రధాన చదువుకి) కాదు. కంప్యూటర్ సైన్సు, ఇంజినీరింగ్, బిజినెస్ సీట్లకు వేరే పోటీ. ‘మావాడు టాప్ ఫైవ్, కంప్యూటర్ సైన్సు వచ్చినట్టే’ అని బంధువుల వాట్సాప్ గ్రూపులో ముందే ప్రకటించకండి.

హైస్కూలు గ్రాడ్యుయేషన్‌కి ఎఫ్ఏఎఫ్ఎస్ఏ (కాలేజీ ఖర్చుకి ఫెడరల్ ప్రభుత్వ సాయం కోరే దరఖాస్తు) గానీ, టెక్సస్ రాష్ట్ర సాయానికి ఉన్న టీఏఎస్ఎఫ్ఏ గానీ నింపాలి, లేదా వద్దని సంతకం చేసిన ఫారం ఇవ్వాలి. హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల వీసా) మీదున్న పిల్లలకు ఎఫ్ఏఎఫ్ఎస్ఏ వర్తించదు కాబట్టి ఆ ఫారం సంగతి కౌన్సెలర్‌తో ఇప్పుడే తేల్చుకోండి. మే నెలలో కౌన్సెలర్ దొరకడం కష్టం.

చిన్నవే, కానీ సెలవుల ముందు చూసుకోవాల్సినవి

18 ఏళ్ల లోపు పిల్లలు డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసుకి వెళ్లాలంటే బడి నుంచి వీఓఈ పత్రం (బడిలో నమోదై ఉన్నట్టు ధ్రువీకరణ) కావాలి. బడి నడిచే నెలల్లో అది 30 రోజులే చెల్లుతుంది. సెలవుల్లో అపాయింట్‌మెంట్ పెట్టుకుని, బడి మూశాక పత్రం కోసం వెతికినవాళ్లు వెనక్కి రావాల్సిందే. ఆఖరి వారంలో అటెండెన్స్ ఆఫీసులో అడగండి. హాజరు తక్కువైతే ఈ పత్రం కూడా ఆగుతుంది.

ఈ విద్యా సంవత్సరం నుంచి రాష్ట్రమంతటా బడి వేళల్లో ఫోన్ల నిషేధం వచ్చింది. ఫైనల్స్ రోజుల్లో చాలా బడులు మధ్యాహ్నానికే వదిలేస్తాయి, బస్సు వేళలు మారతాయి. ఎక్కడ, ఎన్నింటికి ఎక్కించుకోవాలో ఉదయమే మాట్లాడుకోండి. అత్యవసరమైతే ఫ్రంట్ ఆఫీసుకే ఫోన్ చేయాలి.

తెలుగు వచ్చిన పిల్లలు దాన్ని క్రెడిట్‌గా మార్చుకోవచ్చు. అవాంట్ సంస్థ పరీక్షల్లో తెలుగు ఉంది, రాయడమూ మాట్లాడటమూ పరీక్షిస్తారు. ఏ స్థాయికి ఎన్ని క్రెడిట్లన్నది డిస్ట్రిక్టు నిర్ణయం. మాట్లాడటంలో మన పిల్లలు నెగ్గుకొస్తారు, తడబడేది రాతలోనే. ఒత్తులూ దీర్ఘాలూ పక్కన పెడితే, తెలుగు కీబోర్డు మీద టైపు చేయడం అలవాటు లేకపోవడం అసలు కారణం. పరీక్షతో క్రెడిట్ తెచ్చుకునే అవకాశాన్ని డిస్ట్రిక్టులు ప్రతి మూడు నెలలకీ ఇవ్వాలి. జనవరి నుంచి మార్చి మధ్య వచ్చే దానికి దరఖాస్తు చాలాచోట్ల ముందే మూసేస్తారు.

వచ్చే ఏడాది

నవంబరు సమావేశాన్ని అక్టోబరు మొదటి వారానికి జరుపుతున్నాం. మొదటి క్వార్టర్ అప్పటికి చివరికి వస్తుంది, ఏపీ నమోదుకీ సంక్రాంతి టికెట్లకీ ఇంకా సమయం ఉంటుంది. గ్రేడు లెక్క వేసుకునే కాగితాన్ని ఒక పేజీగా అచ్చువేసి అక్కడే పంచుతాం. తొమ్మిదో తరగతి తల్లిదండ్రులకు విడిగా ఒక గంట కేటాయించాం. ర్యాంకులోకి వెళ్లే గ్రేడులు ఆ ఏడాది నుంచే, కొన్ని డిస్ట్రిక్టుల్లో ఎనిమిదిలో తీసుకున్న హైస్కూలు కోర్సుల నుంచే మొదలవుతాయి. గ్రేడింగ్ పాలసీ కాగితం తెచ్చుకోండి, మీ డిస్ట్రిక్టు లెక్క మీ ముందే వేసి చూపిస్తాం.

విద్యా విభాగం