ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కలిసిన అక్కకు

మొన్న ఆదివారం పాత పుస్తకాల కుప్పల దగ్గర కలిసిన అక్కా, మీ పేరు అడగడమే మర్చిపోయాను. మా 12 ఏళ్ల పిల్లకి ఏదైనా మంచి పుస్తకం ఇమ్మంటే అమ్మే అతను నీతికథలు చేతికిచ్చాడు. పక్కనే గొంతుకూర్చుని పుస్తకాలు తిరగేస్తున్న మీరు తలెత్తి నవ్వారు.

1905లో బెంగాలీ రచయిత్రి బేగం రొకేయా రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' కథ అక్కడే చెప్పేశారు. అందులో మగవాళ్లంతా ఇళ్లలోనే, ఆడవాళ్లేమో ఎండవేడితో వంట చేసుకుంటూ దేశాన్ని నడుపుతుంటారని. "మరి నాన్న?" అంది మా పిల్ల. "పరదాలో!" అన్నారు మీరు. ఇల్లు చేరేదాకా అది నవ్వుతూనే ఉంది. వాళ్ల నాన్న మాత్రం అంతగా నవ్వలేదు.

నాకు ఓల్గా 'విముక్త' వెతికిపెట్టారు. అట్ట చిరిగింది, లోపల ఎవరివో పెన్సిల్ గీతలు. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చినప్పుడు చదువుదామనుకుని వదిలేసిన పుస్తకం. సీత, శూర్పణఖ కలుసుకునే కథ దగ్గర రెండు రోజులు ఆగిపోయాను.

మా అత్తయ్యది నల్గొండ అనగానే, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు చెప్పుకున్న 'మనకు తెలియని మన చరిత్ర' చదివించమన్నారు. కుప్పలో దొరకలేదు, తర్వాత తెప్పించాను. అత్తయ్య రోజూ కళ్లజోడు తుడుచుకుని నాలుగు పేజీలు చదివి, "మా ఊర్ల గూడ ఇట్లనే" అని మొదలుపెడుతుంది. ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పని సంగతులు!

చాలా థాంక్స్ అక్కా. వచ్చే ఆదివారం పదకొండింటికి మేం అక్కడే ఉంటాం. ఈసారి చాయ్ నాది.