ఇంగ్లిషు పదాల బోధనపై విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇంగ్లిషు మాతృభాష కాని పిల్లలకు పై తరగతుల్లో కఠిన పదాలు నేర్పే తీరు మార్చమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం.

ఇప్పటి పద్ధతి తమకు తెలిసిందే. వారానికి యాభై పదాలు, పక్కన అర్థాలు, చివర్లో 'జతపరచండి'. మార్కులు బాగానే వస్తాయి, నెల తిరిగేసరికి పదాలు పోతాయి. ఎదురుగా ఉన్న అర్థాన్ని గుర్తుపట్టడం వేరు, కావలసినప్పుడు పదం నోటికి రావడం వేరు. రెండోదాన్ని పరీక్ష అడగదు కాబట్టి తరగతిలోనూ జరగదు.

ముందు ఎంపిక సరిచేయాలి. 'ఫొటోసింథసిస్' సంగతి సైన్సు మాస్టారు బొమ్మ వేసి చెబుతారు. 'ఇండికేట్', 'అస్యూమ్', 'ఇంటర్‌ప్రెట్' లాంటివి మాత్రం ఏ సబ్జెక్టువీ కావు, ఎవరూ చెప్పరు. ప్రశ్నపత్రాల్లో ఎదురయ్యేవేమో ఇవే. భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ పదాల జాబితాలో ఇలాంటివి 570 పద కుటుంబాలున్నాయి (ఒక మూలపదం, దాన్నుంచి పుట్టిన రూపాలు కలిపితే ఒక కుటుంబం). ఉన్నత విద్య పాఠ్యాల్లో దాదాపు పదో వంతు మాటలు వీటివే. ఏడాదికి 30 వారాలు, వారానికి 10 చొప్పున చెప్పినా రెండేళ్లలో పూర్తవుతాయి.

పదాన్ని మొదట పేరాలోనే చూపాలి. అర్థం మాతృభాషలో ఒక్క ముక్కలో చెప్పేస్తే తప్పేమీ లేదు, బోలెడు సమయం మిగులుతుంది. ఆ సమయం పదానికి జంటగా వచ్చే మాటల మీద పెట్టాలి. 'కన్‌క్లూజన్' అర్థం తెలిసిన పిల్లలే దానిముందు 'డ్రా' బదులు 'టేక్' రాస్తారు. 'అస్యూమ్'తోపాటు 'అసంప్షన్' కూడా చెప్పాలి. మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు పుస్తకం మూయించి అడగాలి.

'ఎమిగ్రేట్', 'ఇమిగ్రేట్' లాంటి కవలలను ఒకే రోజు చెప్పకూడదు. ఒకటి కుదురుకోకముందే రెండోది వస్తే రెండూ కలిసిపోతాయి. పాఠ్యపుస్తకాలు పర్యాయపదాలనూ వ్యతిరేకపదాలనూ ఒకే పెట్టెలో పేర్చి సరిగ్గా ఈ పొరపాటే చేస్తున్నాయి. సందర్భాన్ని బట్టి ఊహించమనే సలహా కూడా పేరాలో నూటికి 98 మాటలు తెలిసినవారికే బాగా పనికొస్తుంది.

'జతపరచండి' తీసేసి, ఇచ్చిన పదంతో సొంత వాక్యం రాయించే ప్రశ్న పెట్టించండి. అందులో వాడుకకు, స్పెల్లింగుకు మార్కులు విడివిడిగా ఉండాలి. ఒక పాఠంలో నేర్పిన పదం తర్వాతి మూడు పాఠాల్లోనైనా మళ్లీ కనిపించేలా పాఠ్యపుస్తక రచయితలకు ఆదేశాలివ్వండి. వారం వారం ఆ పది పదాలూ సైన్సు, సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుల చేతికీ అందాలి.

ఇట్లు,
ఇంగ్లిషు ఉపాధ్యాయులు