రెండొందల పింఛను, ఎనిమిది రూపాయల భోజనం: పెమ్మసాని చంద్రశేఖర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సహాయ మంత్రి, గుంటూరు లోక్‌సభ సభ్యులు డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారం.

నేను మంగళగిరిలో ఒక చేనేత కుటుంబం కోడలిని. మా ఇంట్లో డెబ్భై దాటిన మామగారు ఉన్నారు, అంగన్‌వాడీకి వెళ్లే నాలుగేళ్ల పాప ఉంది. వాళ్లిద్దరి గురించి, వాళ్లలాంటి కోట్ల మంది గురించి మీరు పార్లమెంటులో ఒక పని చేయాలని అడగడానికే ఈ లేఖ.

ఒకటో తారీఖు తెల్లారేసరికి సచివాలయం ఉద్యోగి మా వీధిలోకి వచ్చేస్తారు. మామగారి వేలిముద్ర ఒక పట్టాన పడదు. ఏళ్ల తరబడి నూలు పోగులు సవరించి వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడుస్తారు, ఇంకో వేలు పెట్టిస్తారు, అదీ కాకపోతే వేరే ఏర్పాటేదో చూసి డబ్బు చేతికిచ్చిగానీ కదలరు. ఎనిమిది అయిదొందల నోట్లు. ఆయన రెండుసార్లు లెక్కపెట్టుకుని, మందులకు కావలసింది జేబులో ఉంచుకుని, మిగతాది నా చేతికిస్తారు. పెంచిన పింఛనును 2024 జూలై 1న ముఖ్యమంత్రి గారు మన పెనుమాకలోనే మొదలుపెట్టారు. మా వీధిలో ఆ నాలుగు వేలకు ఎంత విలువుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను చెప్పదలచుకున్నది ఆ నోట్లలో ఢిల్లీ వాటా గురించి. జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మీ శాఖ కిందే ఉంది. 1995 ఆగస్టు 15న మొదలైనప్పుడు వృద్ధాప్య పింఛను కింద కేంద్రం ఇచ్చింది నెలకు 75 రూపాయలు. 2006లో దాన్ని 200 చేశారు. ఎనభై దాటినవారికి 2011 నుంచి 500, వితంతువులకు, వికలాంగులకు 2012 నుంచి 300. అక్కడితో ఆగిపోయింది. అరవై నుంచి డెబ్భై తొమ్మిదేళ్ల పేద వృద్ధుడికి కేంద్రం ఇచ్చేది ఇప్పటికీ ఆ 200 రూపాయలే. అది కూడా దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లలో, రాష్ట్రానికి ఇంతమందికని గీసిన పరిమితి దాకానే. ఎనిమిది నోట్లలో అర నోటు కూడా కాదు. మిగతాదంతా రాష్ట్రం మోస్తోంది.

ఈ రెండొందల సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియదు కాబట్టే ఎవరూ అడగరు. రాష్ట్రం ఇచ్చేది అందరికీ తెలుసు, అందుకే అది పెరుగుతూ వచ్చింది. ఎప్పుడెప్పుడు పెరిగిందో చూడండి. 2014 ఎన్నికల తర్వాత వెయ్యి, 2019 ఎన్నికల ముందు జనవరిలో రెండు వేలు, ఆ తర్వాత 250 చొప్పున పెరిగి 2024 ఎన్నికల ముందు జనవరిలో మూడు వేలు, ఎన్నికలయ్యాక నాలుగు వేలు. ఏ పార్టీ పెంచినా మాకు మేలే జరిగింది, అందుకు కృతజ్ఞత ఉంది. కానీ బియ్యం ధర, మందుల ధర ఎన్నికల కోసం ఆగవు కదా. పైగా అన్ని రాష్ట్రాల ఖజానాలూ ఒక్కలా ఉండవు. తెలంగాణలో వృద్ధుల పింఛను 2019 నుంచి ఏళ్ల తరబడి 2,016 రూపాయల దగ్గరే ఆగిపోయింది. బీహారులో 2025 జూన్ దాకా అది 400 రూపాయలే. ఎన్నికలు దగ్గరపడ్డాక 1,100 చేశారు. బీహారు ముసలాయనకు ఆకలి మంగళగిరి ముసలాయన కంటే తక్కువ వేయదు. అక్కడా ఇక్కడా ఒకేలా అందాల్సింది కేంద్రం వాటా. ఆ వాటాయే కదలడం లేదు.

ముసలివాళ్లకు ఓటైనా ఉంది. మా పాపకు అదీ లేదు.

అంగన్‌వాడీలో ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు బిడ్డకు రోజుకు పౌష్టికాహారం కింద కేంద్రం లెక్కకట్టింది 8 రూపాయలు. 2017లో పెట్టిన లెక్క అది. అందులో సగం రాష్ట్రానిది, అంటే ఢిల్లీ నుంచి వచ్చేది నాలుగు రూపాయలు. మా కొట్లో గుడ్డు ధర ఆరు రూపాయల లోపు ఉండి చాలాకాలమైంది. రాష్ట్రం పైన వేసుకుంటోంది కాబట్టి మా పాప గుడ్డు తింటోంది, పాలు తాగుతోంది. మధ్యాహ్నం పాపను తీసుకురావడానికి వెళ్లినప్పుడు చూస్తుంటాను. ఆయమ్మ గుడ్లు ఒలిచి ఒక్కొక్కరి పళ్లెంలో పెడుతుంటే, పిల్లలు అన్నం వదిలేసి దానికోసమే చూస్తుంటారు. పోపు గింజలు, కూరగాయలు తెచ్చి, బిల్లు వచ్చేదాకా సొంత డబ్బు సర్దే టీచర్లు చాలామంది ఉన్నారు. ఆ టీచరు గౌరవవేతనంలో కేంద్రం లెక్క 4,500 రూపాయలు, ఆయాకు 2,250. ఇవి 2018 అక్టోబరు నాటివి. మన రాష్ట్రంలో వీళ్లంతా 2023 డిసెంబరు నుంచి 42 రోజులు రోడ్డెక్కింది ముఖ్యంగా ఈ జీతాల కోసమే. అప్పుడు వాళ్లు ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వాన్నే అడిగారు. ఢిల్లీ లెక్క ఊసు నాకైతే వినబడలేదు.

2025 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి గారు ఈ పౌష్టికాహారపు ఖర్చు లెక్కలను తగినంతగా పెంచుతామన్నారు. ఎనిమిది కోట్లకు పైగా పిల్లలు, కోటి మంది గర్భిణులు, బాలింతలు ఈ పథకం మీద ఉన్నారని కూడా ఆమే చెప్పారు. సంతోషం. కానీ ఎన్ని రూపాయలకు పెంచుతారో ఆ ప్రసంగంలో లేదు. ఒకసారి పెంచాక మళ్లీ ఎప్పుడు చూస్తారో కూడా లేదు. నా బాధ అక్కడే. మళ్లీ ఏడెనిమిదేళ్లు అదే అంకె మీద కూర్చుంటే, ఈ పిల్లలంతా అంగన్‌వాడీ దాటి బడికి వెళ్లిపోయాక గానీ ఇంకో పెంపు రాదు.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. మీ సభే 2018లో చూపించింది. ఆ ఏడాది ఫైనాన్స్ చట్టంలో ఎంపీల జీతం నెలకు లక్ష రూపాయలు, మాజీ ఎంపీల పింఛను 25 వేలు చేసి, ఇకపై అయిదేళ్లకోసారి ద్రవ్యోల్బణ సూచీ ప్రకారం పెరిగేలా రాసుకున్నారు. ఆ ప్రకారమే 2025 మార్చిలో ఉత్తర్వు వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా జీతం 1,24,000, పింఛను 31,000 అయ్యాయి. ఎవరూ ధర్నా చేయలేదు, సభలో ఎవరూ లేచి అడగలేదు. ఇది నేను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అది మంచి పద్ధతి. ధరలు పెరిగితే ఆదాయం దానంతటదే సర్దుకోవాలని మీరంతా ఒప్పుకున్నారన్నమాట. ఆ ఒప్పుకున్నదాన్నే మా మామగారికీ, మా పాపకూ వర్తింపజేయమంటున్నాను.

మీ శాఖను చూసే పార్లమెంటు స్థాయీ సంఘం ఈ పింఛను మొత్తాలు పెంచాలని ఏళ్ల తరబడి రాస్తూనే ఉంది. ఆ సంఘాల్లో అన్ని పార్టీల వాళ్లూ ఉంటారు. అంత మంది కలిసి రాసిన మాట నివేదికలోనే ఉండిపోతోంది. ఇంకో ఉదాహరణ చెప్తాను. ఆర్టీసీలోనో, స్పిన్నింగ్ మిల్లులోనో జీవితమంతా పనిచేసి పీఎఫ్ పింఛను తీసుకునేవాళ్లు గుంటూరు జిల్లాలో ఎంతమందో మీకు తెలుసు. భగత్ సింగ్ కోశ్యారీ గారి అధ్యక్షతన రాజ్యసభ వినతుల సంఘం 2013లో వాళ్లకు కనీసం 3,000 రూపాయలు, దానిపైన కరువు భత్యం ఇవ్వమని సిఫారసు చేసింది. 2014 సెప్టెంబరు నుంచి ఇచ్చింది వెయ్యి. సిఫారసుకు చట్టం తోడు లేకపోతే జరిగేది ఇదే.

మంత్రి కాని మామూలు ఎంపీ అయితే శుక్రవారం మధ్యాహ్నం సొంతంగా ప్రైవేటు సభ్యుల బిల్లు పెట్టుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చాక అలా చట్టమైనవి పద్నాలుగే, చివరిది 1970లో. మీ సంగతి వేరు. మీరు ప్రభుత్వంలో ఉన్నారు, ఈ పథకం నడిపే శాఖలోనే ఉన్నారు, మీ పార్టీ మద్దతు కేంద్రానికి అవసరమైన సమయంలో ఉన్నారు. రాజధానికి నిధులు, పోలవరానికి నిధులు అడిగినంత గట్టిగా ఇది కూడా అడగొచ్చు. ఆదేశిక సూత్రాల్లో 41వ అధికరణ వృద్ధాప్యంలో ప్రభుత్వ సాయం గురించి, 45వ అధికరణ ఆరేళ్ల లోపు పిల్లల సంరక్షణ గురించి చెప్తున్నాయి. మీరు అడిగేది రాజ్యాంగంలో ఉన్నదే.

పిల్లల ఆహారం మీ శాఖ కాదని నాకు తెలుసు, అది కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖది. కానీ మీరు డాక్టరు. ఆరేళ్ల లోపు తిన్న తిండి ఆ బిడ్డ ఎదుగుదలను ఎంతగా నిర్ణయిస్తుందో మంత్రివర్గంలో మీకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఎక్కువమంది ఉండరు. ఆ శాఖ మంత్రి గారితో కూర్చుని మాట్లాడండి.

వచ్చే పార్లమెంటు సమావేశాల్లోగా మీ నుంచి మూడు విషయాలకు జవాబు కావాలి. వృద్ధులకు ఇచ్చే 200, వితంతువులకు, వికలాంగులకు ఇచ్చే 300 ఎంతకు పెంచాలని మీ శాఖ ఆర్థిక శాఖకు రాసింది, లేదా రాస్తుంది? ఆ మొత్తాన్నీ, అంగన్‌వాడీ బిడ్డ రోజు ఖర్చునూ ఎంపీల జీతంలాగే ధరల సూచీతో ముడిపెట్టే చట్టాన్ని మీరు సమర్థిస్తారా? సమర్థించలేకపోతే కారణమేమిటి? మూడో దానికి జవాబు కష్టమైనా చెప్పండి. ప్రస్తుతం అలాంటి ప్రతిపాదన ఏదీ లేదన్న ఒక్క వాక్యం మాకు చాలదు.

మంగళగిరి వచ్చినప్పుడు మా వీధికి కూడా ఒకసారి రండి. ఒకటో తారీఖున అయితే మరీ మంచిది.

గౌరవంతో,
మీ నియోజకవర్గ ఓటరు,
మంగళగిరి