ఆదివారం మీటింగ్: రాతకు ఏ సాఫ్ట్‌వేర్?

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం ఉదయం 11 గంటలకు గూగుల్ మీట్‌లో కలుద్దాం. నవల, కథల సంపుటి రాస్తున్నవాళ్లు తప్పకుండా రండి. లింక్ శనివారం రాత్రి ఇక్కడే పెడతాను.

ఈలోపు ఒక్క పని చేయండి. మీ నవలలో రెండు అధ్యాయాలు, పాత్రల వివరాలున్న నోట్సు తీసుకుని, కింది మూడింటిలో ఏదో ఒకదాంట్లో పెట్టి చూడండి:

గూగుల్ డాక్స్: ఉచితం, ఫోన్‌లోనూ హాయిగా నడుస్తుంది. ప్రతి అధ్యాయం పేరుకీ 'హెడింగ్' స్టైల్ ఇస్తే పక్కన విషయసూచిక దానంతటదే వస్తుంది. పొరపాటున చెరిపేసినా వెర్షన్ హిస్టరీలో పాత ప్రతి దొరుకుతుంది. మొదటిసారి రాసేవాళ్లకు నా ఓటు దీనికే.

స్క్రివెనర్: పెద్ద నవలకు బాగుంటుంది. ఒక్కో సన్నివేశం ఒక్కో కార్డులా కనిపిస్తుంది, ముందువెనకలు మార్చడం చాలా తేలిక. డబ్బు కట్టి కొనాలి. ట్రయల్ 30 రోజులు, అదీ వాడిన రోజులే లెక్క. ఆండ్రాయిడ్‌లో లేదు.

ఆబ్సిడియన్: నోట్సు రాసుకునే యాప్, ఉచితం. ఫైళ్లు మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి, బ్యాకప్ బాధ్యతా మీదే.

అను ఫాంట్లలో (డీటీపీలో వాడే పాతరకం తెలుగు ఫాంట్లు) టైప్ చేసినవాళ్లు ముందు యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లలో, వెబ్‌సైట్లలో మామూలుగా కనిపించే తెలుగులోకి మార్చుకోండి. లేదంటే 'అమ్మ' అని రాసిన చోట పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి. ఇబ్బందైతే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, కలిసి చేద్దాం.

మీరు ఎంచుకున్నది శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ రాయండి. కొత్తదాంట్లో పెట్టాక పాత ఫైల్ మాత్రం డిలీట్ చేయకండి, ప్లీజ్.